వంద అప్పజెప్పడం వేరు, ఐదు లెక్కపెట్టడం వేరు
నర్సరీ నుంచి యూకేజీ పిల్లలకు ప్యాటర్న్‌లు, తొలి లెక్కలు ఇంట్లో ఎలా నేర్పాలి?



పేరెంట్ టీచర్ మీటింగ్‌లో చిన్న తరగతుల అమ్మానాన్నలు లెక్కల గురించి అడిగే ప్రశ్న దాదాపు ఒకటే ఉంటుంది. "మేడం, మావాడు ఎంత దాకా వచ్చినాడు? వంద దాకా చెప్తాడా?" ఇంకొంచెం ఆందోళనగా ఉన్నవాళ్లు దాని వెంటనే మరో మాట కలుపుతారు. "మా పక్కింటి పాప వేరే స్కూల్లో ఎల్‌కేజీ, అప్పుడే వంద దాకా రాస్తా ఉంది."

ఆ ఆందోళన నాకు అర్థమవుతుంది. మీరు కష్టపడి ఫీజు కడుతున్నారు. నోట్‌బుక్ నిండితే చదువు జరుగుతున్నట్టు కంటికి కనిపిస్తుంది. పైగా మనలో చాలామందికి లెక్కలంటే చిన్నప్పటి భయం ఇంకా పోలేదు. మన పిల్లలకు ఆ భయం రాకూడదని ముందే మొదలుపెట్టాలనుకుంటాం. ఆ కోరిక మంచిదే. అయితే ఎక్కడ మొదలుపెట్టాలన్నదే అసలు విషయం. మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు లెక్కలంటే ఏమిటి, అందులో ప్యాటర్న్‌లు ఎందుకంత ముఖ్యం, ఇంట్లో మీరేం చేయగలరు అనేవి ఈ నెల వ్యాసంలో చూద్దాం. ఇంగ్లిష్ రాని అమ్మలు, బడికి వెళ్లని అవ్వలు కూడా చేయగలిగిన పనులే ఇవన్నీ.

ఈ రాత్రి ఇంట్లో చేసి చూడండి

భోజనాలయ్యాక పిల్లలతో మూడు చిన్న ఆటలు ఆడండి. పరీక్ష పెడుతున్నామని మాత్రం చెప్పొద్దు.

మొదటిది. ఏడు శనక్కాయలు వరుసగా పెట్టి లెక్కపెట్టమనండి. "వన్, టూ, త్రీ..." అంటూ ఏడు దాకా వచ్చాక "మొత్తం ఎన్ని?" అని అడగండి. కొందరు పిల్లలు "సెవెన్" అంటారు. కొందరు మళ్లీ మొదటి నుంచి లెక్కపెడతారు. రెండోసారి లెక్కపెడుతున్నారంటే, చివర చెప్పిన అంకే మొత్తం అన్న సంగతి వాళ్లకు ఇంకా తట్టలేదని అర్థం.

రెండోది. ఒక గిన్నెలో పది, పదిహేను కాయలు పోసి "నాకు నాలుగు ఇయ్యి నాయనా" అనండి. యాభై దాకా గడగడా చెప్పే పిల్లలు కూడా ఇక్కడ గుప్పెడు తీసి చేతిలో పెట్టడం చూస్తాం. అంకెల వరుస పాటలా వచ్చింది కానీ, నాలుగు అంటే ఎంతో ఇంకా రాలేదన్నమాట.

మూడోది. ఐదు కాయలు ఒక వరుస, దాని కింద ఐదు కాయలు ఇంకో వరుస పెట్టండి. రెండూ సమానమని పిల్లలు ఒప్పుకున్నాక, కింది వరుసను వాళ్ల కళ్లముందే దూరం దూరంగా జరపండి. "ఇప్పుడు ఎందులో ఎక్కువున్నాయి?" అని అడిగితే నాలుగేళ్ల పిల్లలు చాలామంది పొడుగ్గా ఉన్న వరుసనే చూపిస్తారు. స్విట్జర్లాండ్‌కు చెందిన జాన్ పియాజే అనే పరిశోధకుడు ఈ ప్రయోగంతోనే ప్రపంచానికి ఒక విషయం చూపించాడు. చిన్నపిల్లలు తెలివి తక్కువై ఇలా చెప్పరు, ఆ వయసులో వాళ్ల కంటికి పొడవే ముందు కనిపిస్తుంది. కాబట్టి మీ పాప తప్పు చెబితే నవ్వకండి, కోప్పడకండి. రెండు వరుసల్లోని కాయలను జతలు జతలుగా కలిపి చూపించండి, చాలు.

లెక్కపెట్టడంలో దాగిన ఐదు విషయాలు

మనకు లెక్కపెట్టడం ఒకే పని. పిల్లలకు అది ఐదు పనులు. రోషెల్ గెల్మన్, చార్ల్స్ గాలిస్టెల్ అనే ఇద్దరు అమెరికా శాస్త్రవేత్తలు 1978లో రాసిన పుస్తకంలో వీటిని విడమరచి చెప్పారు. చిన్నపిల్లల టీచర్లు ఇప్పటికీ వాటినే అనుసరిస్తారు.

ఒకటి, ఒక్కో వస్తువుకు ఒక్కో అంకె మాత్రమే చెప్పాలి. ఏదీ వదలకూడదు, దేన్నీ రెండుసార్లు లెక్కించకూడదు.
రెండు, అంకెల వరుస ప్రతిసారీ ఒకేలా ఉండాలి.
మూడు, చివర చెప్పిన అంకే మొత్తం.
నాలుగు, దేన్నయినా లెక్కపెట్టవచ్చు. కాయలే కాదు, చప్పట్లు, అడుగులు, ఆవు మెడలో గంట మోగిన చప్పుళ్లు కూడా.
ఐదు, ఎటువైపు నుంచి లెక్కపెట్టినా మొత్తం మారదు.

వంద దాకా అప్పజెప్పడంలో వీటిలో రెండోది ఒక్కటే ఉంది. మిగిలిన నాలుగూ చేతిలో వస్తువు లేకుండా రావు. అందుకే మా క్లాసులో మీ పిల్లలు గింజలు, గుండీలు, మూతలతో కూర్చుని కనిపిస్తే "ఆడుకుంటున్నారే" అనుకోకండి. ఆ వయసులో లెక్కల పీరియడ్ అలాగే ఉంటుంది.

ప్యాటర్న్ అంటే ఏమిటి?

ఒక ముక్క మళ్లీ మళ్లీ ఒకే తీరులో వస్తే దాన్ని ప్యాటర్న్ అంటాం. తెలుగులో అమరిక అనుకోవచ్చు. ఎర్ర గాజు, పచ్చ గాజు, ఎర్ర గాజు, పచ్చ గాజు. ఇక్కడ మళ్లీ మళ్లీ వస్తున్న ముక్క "ఎరుపు, పచ్చ".

మీ ఇంట్లోనే చూడండి. నల్ల కడప బండ పక్కన తెల్ల బండ, మళ్లీ నల్ల బండ వేసిన వరండా ఒక ప్యాటర్న్. రెండు మల్లెలు, ఒక కనకాంబరం చొప్పున కట్టిన మాల ఇంకో ప్యాటర్న్. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు మగ్గాల మీద నేసే చీర అంచు అంతా ప్యాటర్నే. నేతగాడు పోగులు లెక్క తప్పితే అంచు చెడుతుందని నేత కుటుంబాల వాళ్లకు నేను చెప్పనక్కర్లేదు. వారంలో రోజులు, పగలూ రాత్రీ, తప్పెట దరువు కూడా ప్యాటర్న్‌లే.

ఇది లెక్కలకు ఎందుకు పనికొస్తుంది? ఎందుకంటే అంకెల లోకమే ఒక పెద్ద అమరిక. 1 నుంచి 9 దాకా ఉన్న అంకెలే 21 నుంచి 29 దాకా, మళ్లీ 31 నుంచి 39 దాకా తిరిగి వస్తాయి. రెండో ఎక్కంలో 2, 4, 6, 8, 0 ఒకట్ల స్థానంలో మళ్లీ మళ్లీ వస్తాయి. ఈ తీరు పట్టుకున్న పిల్లలు ఎక్కాన్ని అర్థం చేసుకుని గుర్తుపెట్టుకుంటారు. పట్టుకోని పిల్లలు ప్రతి లెక్కనూ విడిగా బట్టీ పట్టాలి. మూడో తరగతికి వచ్చేసరికి ఆ బరువు మోయలేక "నాకు మ్యాథ్స్ రాదు" అనడం అక్కడే మొదలవుతుంది.

బెథానీ రిటిల్-జాన్సన్, ఆమె సహ పరిశోధకులు అమెరికాలో తక్కువ ఆదాయం ఉన్న కుటుంబాల పిల్లలను 500 మందికి పైగా నాలుగేళ్ల వయసు నుంచి పదకొండేళ్ల దాకా గమనించి 2017లో ఫలితాలు ప్రచురించారు. చిన్నప్పుడు ప్యాటర్న్‌లను బాగా పట్టుకున్న పిల్లలు ఐదో తరగతి లెక్కల్లో కూడా ముందున్నారని అందులో తేలింది. ఒకటి వస్తే రెండోది తప్పక వస్తుందని దీని అర్థం కాదు. కానీ బొమ్మల పని అని మనం పక్కన పెట్టే ఈ నైపుణ్యం ఆటవిడుపు మాత్రం కాదని తెలుస్తోంది.

ప్యాటర్న్‌లు నేర్పే ఐదు మెట్లు

మొదటి మెట్టు, చూసి అలాగే పేర్చడం. మీరు బెండకాయ, టమాటా, బెండకాయ, టమాటా పెట్టండి. కింద అలాగే పెట్టమనండి. మూడేళ్ల పిల్లలకు ఇది సరిపోతుంది.

రెండో మెట్టు, కొనసాగించడం. "తర్వాత ఏమొస్తుంది?" అని అడగండి. ఇక్కడ ఒక జాగ్రత్త. ముక్కను కనీసం రెండు, మూడుసార్లు పూర్తిగా చూపించాకే అడగాలి. ఒక బెండకాయ, ఒక టమాటా మాత్రమే పెట్టి "తర్వాత?" అంటే పిల్లలు ఏం చెప్పినా తప్పనలేం. మళ్లీ టమాటా రావచ్చు, వంకాయ కూడా రావచ్చు.

మూడో మెట్టు, మధ్యలో లేనిది కనుక్కోవడం. పేర్చిన వరుసలోంచి ఒకటి దాచేసి "ఏది పోయింది?" అనండి. పిల్లలు దీన్ని దొంగాట అనుకుని ఎంతసేపైనా ఆడతారు.

నాలుగో మెట్టు, అదే అమరికను ఇంకోదానితో చేయడం. బెండకాయకు చప్పట్టు, టమాటాకు చిటికె. చప్పట్టు, చిటికె, చప్పట్టు, చిటికె. వస్తువు మారినా తీరు మారలేదని పిల్లలకు తట్టిన క్షణం చాలా విలువైనది. పై తరగతుల్లో అంకెల బదులు అక్షరాలు పెట్టి చేసే బీజగణితానికి ఇదే తొలి మెట్టు.

ఐదో మెట్టు, మళ్లీ మళ్లీ వచ్చే ముక్కను విడిగా చూపించడం. "ఇందులో ఏ ముక్క తిరిగి తిరిగి వస్తోంది? వేలితో గీత గీయి" అనండి. యూకేజీ పిల్లలు సాధనతో దీన్ని చేయగలరు.

ఇంకో మాట. చాలా ఇళ్లలో, చాలా వర్క్‌షీట్లలో కూడా ఎప్పుడూ ఒకటి విడిచి ఒకటి వచ్చే అమరికే ఉంటుంది. దాంతో ప్యాటర్న్ అంటే మార్చి మార్చి పెట్టడమే అని పిల్లలు అనుకుంటారు. వారం తిరిగేసరికి మార్పు చేయండి. రెండు మల్లెలు ఒక కనకాంబరం. ఒక మల్లె రెండు కనకాంబరాలు. తర్వాత మల్లె, కనకాంబరం, మరువం. పిల్లలు మొదట తడబడతారు. ఆ తడబాటులోనే వాళ్ల ఆలోచన సాగుతుంటుంది.

ధనుర్మాసం ముగ్గు, మంచి మ్యాథ్స్ ల్యాబ్

ఈ నెలంతా మన వాకిళ్లలో ముగ్గులుంటాయి. పిల్లలకు దీనికి మించిన పాఠం నేను తయారు చేయలేను.

చుక్కలు పెట్టే పద్ధతి గమనించండి. సరి చుక్కలైతే మధ్య వరుసలో 5, దానికి రెండు వైపులా 3, ఆపైన 1. వరుసకు రెండు చొప్పున తగ్గుతాయి. మొత్తం 13 చుక్కలు. సందు చుక్కలైతే 5 నుంచి 3 దాకా, అంటే 3, 4, 5, 4, 3. వరుసకు ఒకటే తగ్గుతుంది. మొత్తం 19. ఒకే ముక్క తిరిగి రావడం ఒక రకం అమరిక అయితే, పెరుగుతూ తరుగుతూ పోవడం రెండో రకం. అవ్వ ఏ పుస్తకమూ చూడకుండా వేసే ముగ్గులో ఈ రెండూ ఉన్నాయి. ముగ్గు మధ్యలో గీత గీస్తే రెండు వైపులా ఒకేలా ఉంటుంది. పెద్ద తరగతుల్లో దాన్నే సౌష్ఠవం అంటారు.

మద్రాస్ క్రిస్టియన్ కాలేజీకి చెందిన గిఫ్ట్ సిరోమనీ, ఆయనతో పాటు రాణి సిరోమనీ, కమలా కృతివాసన్ 1974లో తమిళనాడు ముగ్గులైన కోలాలను కంప్యూటర్ శాస్త్రం దృష్టితో పరిశీలించి పరిశోధనా పత్రం ప్రచురించారు. గుమ్మం ముందు ఆడవాళ్లు వేసే గీతల్లో ఎంత గణితం ఉందో చెప్పడానికి ఈ ఒక్క సంగతి చాలు.

పిల్లలకు పెద్ద ముగ్గులు వద్దు. మూడు వరుసల్లో మూడేసి చుక్కలు మీరు పెట్టండి, లేదా సుద్దముక్క ఇచ్చి వాళ్లనే పెట్టమనండి. చుక్కలు లెక్కపెట్టనివ్వండి. చుట్టూ గీత వాళ్లే గీస్తారు. వంకర పోయినా పర్వాలేదు. రంగులు నింపేటప్పుడు "ఎరుపు తర్వాత ఏ రంగు? మళ్లీ ఎరుపు ఎప్పుడొస్తుంది?" అని అడుగుతూ ఉండండి. మగపిల్లలను కూడా కూర్చోబెట్టండి. ముగ్గు ఆడపిల్లల పని అని పక్కన పెడితే ఇంత మంచి లెక్కల పాఠం మగపిల్లలకు దక్కకుండా పోతుంది.

పాత ఆటలు, కొత్త పరిశోధన

అష్టాచెమ్మాలో నాలుగు గవ్వలు వేస్తాం. ఎన్ని వెల్లకిలా పడ్డాయో చూడగానే చెప్పేస్తాం, లెక్కపెట్టం. చిన్న సంఖ్యను కంటితోనే పట్టడం ఒక నైపుణ్యం. తర్వాత కూడికలకు అది పునాది. "మూడు వెల్లకిలా, ఒకటి బోర్లా. మొత్తం నాలుగు" అని ఆటలో పైకి అంటూ ఉంటే అదే కూడిక పాఠం.

వామనగుంటల్లో గింజలు ఒక్కో గుంటలో ఒక్కోటి వేసుకుంటూ పోవాలి. ఒక వస్తువుకు ఒక అంకె అన్న మొదటి సూత్రాన్ని చేతికి నేర్పే ఆట ఇంతకన్నా మంచిది దొరకదు.

వైకుంఠపాళి లాంటి ఆటల మీద రాబర్ట్ సీగ్లర్, గీతా రమణి అనే పరిశోధకులు అమెరికాలో పనిచేశారు. 1 నుంచి 10 దాకా గడులు వరుసగా ఉన్న ఒక సాదా బోర్డు ఆటను తక్కువ ఆదాయం ఉన్న కుటుంబాల ప్రీస్కూల్ పిల్లలతో రెండు వారాల్లో నాలుగుసార్లు ఆడించారు. ప్రతిసారీ 15 నుంచి 20 నిమిషాలే. పిల్లలకు అంకెల మీద పట్టు పెరిగిందని 2008లో ప్రచురించారు. అంకెల బదులు రంగులు మాత్రమే ఉన్న బోర్డుతో ఆడిన పిల్లల్లో ఆ మార్పు కనిపించలేదు.

ఇంట్లో ఆడేటప్పుడు ఒక చిన్న మెలకువ. మీ పాప 5వ గడిలో ఉంది, పాచిక మీద 2 పడింది. "ఒకటి, రెండు" అని జరపనివ్వకండి. "ఆరు, ఏడు" అని గడి మీది అంకె చెబుతూ జరపమనండి. ఆటలో అసలు లాభం ఇక్కడే ఉంది.

జాగ్రత్త: మూడేళ్ల లోపు తమ్ముళ్లు, చెల్లెళ్లు ఇంట్లో ఉంటే గింజలు, గవ్వలు, శనక్కాయలు ఆట అయిన వెంటనే తీసి పైన పెట్టండి. నోట్లో, ముక్కులో పెట్టుకునే ప్రమాదం ఉంది. అలాంటి ఇళ్లలో చీనీకాయలు, ఉర్లగడ్డలు, స్పూన్లు వాడండి.

"మేడం, ఇంట్లో తెలుగులో లెక్కపెడితే ఇంగ్లిష్ చెడిపోదా?"

చెడిపోదు. నిజానికి పనికొస్తుంది. దీన్ని కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ భయంతోనే చాలా ఇళ్లలో అవ్వతాతలు పిల్లల లెక్కల నుంచి పక్కకు తప్పుకుంటున్నారు.

ఇంగ్లిష్‌లో ఎలెవెన్, ట్వెల్వ్ అన్న మాటల్లో పది ఉందని పిల్లలకు ఏమాత్రం వినిపించదు. ఫోర్టీన్ అన్నప్పుడు ముందు ఫోర్ వినిపిస్తుంది, పది తర్వాత వస్తుంది. అందుకే ఫోర్టీన్ రాయమంటే పిల్లలు ముందు 4 వేసి 41 రాస్తారు. అది అజాగ్రత్త కాదు, విన్నది విన్నట్టు రాయడం. థర్టీన్, థర్టీ ఒకేలా వినిపించడం ఇంకో చిక్కు.

ఇప్పుడు తెలుగు చూడండి. పదమూడు, పద్నాలుగు, పదిహేను, పదహారు, పదిహేడు. ముందు పది, తర్వాత మిగతాది. రాసే వరుస కూడా అదే. పన్నెండు, పద్దెనిమిది, పంతొమ్మిది లాంటి చోట్ల మాట కాస్త మారినా, పది మాత్రం ముందే ఉంటుంది. ఇరవై దాటాక ఇరవై ఒకటి, ఇరవై రెండు అంటూ పూర్తిగా తిన్నగా సాగుతుంది. చైనా భాషలో పదకొండును పది-ఒకటి, పన్నెండును పది-రెండు అనే అంటారు. అక్కడి పిల్లలు పది దాటాక వచ్చే అంకెలను అమెరికా పిల్లల కన్నా తేలిగ్గా నేర్చుకుంటారని కెవిన్ మిల్లర్ బృందం 1995లో చూపించింది. మన తెలుగు కూడా ఆ దారికి దగ్గరగానే ఉంది.

ఇంట్లో ఇలా చేయండి. పది చీపురుపుల్లలు రబ్బరు బ్యాండ్ వేసి కట్ట కట్టండి. పక్కన విడిగా నాలుగు పుల్లలు పెట్టండి. "పది, నాలుగు. పద్నాలుగు" అని తెలుగులో అనిపించండి. తర్వాత "దీన్నే ఇంగ్లిష్‌లో ఫోర్టీన్ అంటారు" అనండి. చివరగా 14 రాయించండి. కట్టకు 1, విడి పుల్లలకు 4. అర్థం తెలుగులో కుదురుకుంటుంది, ఇంగ్లిష్ పేరు దానికి అతుక్కుంటుంది. స్కూల్లో ఇంగ్లిష్ మేం చూసుకుంటాం. ఇంట్లో తెలుగులో, ఉర్దూలో, మీకు ఏ భాషలో మనసు విప్పి మాట్లాడటం వస్తే ఆ భాషలో లెక్కపెట్టండి. చిన్న వయసులో ఇంటి భాషలో నేర్చుకోవడం మేలని 2020 జాతీయ విద్యా విధానం కూడా చెబుతోంది.

మరి వంద దాకా రాయడం ఎప్పుడు?

దేశం మొత్తానికి పెట్టుకున్న లక్ష్యం ఏమిటో ముందు చూద్దాం. కేంద్ర ప్రభుత్వం 2021 జులైలో నిపుణ్ భారత్ మిషన్ ప్రారంభించింది. మూడో తరగతి పూర్తయ్యేసరికి ప్రతి పిల్లవాడికీ చదవడం, రాయడం, తొలి లెక్కలు రావాలన్నది దాని ఉద్దేశం. అందులో ఒకటో తరగతికి ముందు, అంటే ఐదారేళ్ల వయసుకు పెట్టిన లెక్కల లక్ష్యాలు రెండు. 10 వరకు అంకెలను గుర్తించి చదవడం. అంకెలను, వస్తువులను, ఆకారాలను, జరిగిన సంఘటనలను ఒక వరుసలో అమర్చడం. వంద కాదు, పది. అందులోనూ సగం అమరికే.

2022లో వచ్చిన పునాది దశ జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం లెక్కలకు నాలుగు అడుగుల దారి చెప్పింది. ముందు వస్తువుతో అనుభవం, తర్వాత మాట, తర్వాత బొమ్మ, చివరికి గుర్తు. నోట్‌బుక్‌లో రాసే అంకె నాలుగో అడుగు. మొదటి మూడు అడుగులూ దాటకుండా నాలుగో దానిలో వంద దాకా వెళ్లిన పిల్లలు గీతలు గీస్తున్నారే తప్ప లెక్క చేయడం లేదు. పైగా నాలుగేళ్ల పిల్లల వేళ్లకు పెన్సిల్ పట్టే బలం ఇంకా పూర్తిగా రాదు. పేజీలు పేజీలు రాయిస్తే చేయి నొప్పి పుడుతుంది. ఆ నొప్పి లెక్కల మీద అయిష్టంగా మిగిలిపోతుంది.

పక్కింటి పాప వంద దాకా రాస్తే మెచ్చుకోండి. మీ పాపతో పోల్చకండి. మీ పాప పది గింజలను తప్పులేకుండా లెక్కపెట్టి, అడిగినన్ని తీసిచ్చి, మధ్యలో పోయినదేదో చెప్పగలిగితే తన వయసుకు తను చక్కగా నడుస్తున్నట్టే. వంద దాకా రాయడం ఆ తర్వాత తక్కువ కష్టంతో వస్తుంది.

ఈ నెలకు ఇంటి పని, రోజుకు పది నిమిషాలు

మొదటి వారం, వంటింట్లో. కూరగాయలు సర్దేటప్పుడు రెండేసి వస్తువులతో అమరిక పేర్చండి. "నాలుగు ఉర్లగడ్డలు తీసుకురా", "ఇంకొకటి తెస్తే ఎన్ని అవుతాయి?" అని పనులు చెప్పండి. పళ్లాలు వేసేటప్పుడు మనిషికి ఒకటి చొప్పున పెట్టమనండి.

రెండో వారం, వాకిట్లో. మూడు చుక్కల ముగ్గు, రంగుల అమరిక. సంక్రాంతికి పూలు గుచ్చేటప్పుడు రెండు తెల్లవి, ఒకటి పసుపు చొప్పున గుచ్చమనండి.

మూడో వారం, ప్రయాణంలో. సెలవుల్లో మైలవరం డ్యామ్ దగ్గరికి వెళితే గేట్లను పిల్లలతోనే లెక్కపెట్టించండి. గండికోట వెళితే జామియా మసీదు వరండాలో వరుసగా ఉన్న కమానులను, మాధవరాయ స్వామి గుడి స్తంభాలను చూపించి "ఇక్కడ ఏది మళ్లీ మళ్లీ వస్తోంది?" అని అడగండి. జమ్మలమడుగు బస్సులో కూర్చున్నప్పుడు సీట్లు ఒకవైపు రెండు, ఒకవైపు మూడు ఉంటే అది కూడా అమరికే.

నాలుగో వారం, ఆటలో. అష్టాచెమ్మా లేదా వైకుంఠపాళి. అవ్వ, తాత ఉంటే వాళ్లనే గురువులుగా పెట్టండి. ఫోన్‌లో లెక్కల ఆటలు ఉన్నాయి కదా అనొచ్చు. ఫోన్ తెర మీద ఐదు గింజలను వేలితో నొక్కవచ్చు కానీ గుప్పెట్లో పట్టుకోలేం. ఈ వయసుకు గుప్పెడే ముఖ్యం.

పిల్లలు తప్పు చెప్పినప్పుడు "కాదు" అనే బదులు "ఎలా చెప్పావు?" అని అడగండి. చాలాసార్లు వాళ్లు చెప్పే కారణంలోనే తప్పు వాళ్లకే దొరుకుతుంది. విసుగు కనిపిస్తే ఆపేయండి. మరుసటి రోజు మళ్లీ ఆడవచ్చు.

యూకేజీ సంవత్సరం చివరికి కూడా ఐదు వస్తువులు లెక్కపెట్టడం కష్టంగా ఉంటే, రెండు రంగుల అమరికను చూసి పేర్చలేకపోతే క్లాస్ టీచర్‌తో మాట్లాడండి. ఒక్కోసారి చూపులోనో వినికిడిలోనో చిన్న సమస్య ఉంటుంది. ముందే తెలిస్తే సరిచేయడం సులభం. ఇందులో దాచుకోవాల్సింది, సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

సెలవుల తర్వాత స్కూలు తెరిచిన మొదటి వారంలో మా క్లాసుల్లో "నా ప్యాటర్న్" అని ఒక బల్ల పెడుతున్నాం. మీ పిల్లలు ఇంట్లో పేర్చిన అమరిక ఏదైనా పంపండి. పూల దండ, గాజుల వరుస, కాగితం మీద చిన్న ముగ్గు, శనక్కాయ తొక్కలు అంటించిన అట్టముక్క, ఏదైనా సరే. కొనుక్కొచ్చినవి, పెద్దలు చేసిచ్చినవి వద్దు. మార్కులు లేవు, బహుమతులు లేవు. బల్ల దగ్గర నిలబడి "ఇందులో ఏ ముక్క మళ్లీ మళ్లీ వస్తోంది?" అన్న ఒక్క ప్రశ్నకు మీ పిల్లలు తమ మాటల్లో జవాబు చెబుతారు. తెలుగులో చెప్పినా సరే, ఇంగ్లిష్‌లో చెప్పినా సరే. వీలైతే ఆ రోజు మీరూ వచ్చి వినండి.

అందరికీ సంక్రాంతి శుభాకాంక్షలు.

— ప్రీ ప్రైమరీ టీచర్, మైలవరం బ్రాంచ్